మూడో వరుసలో రేకులు

ఇది ఇంతకు ముందే రాయాల్సింది. రాయలేకపోయాను, ఎందుకంటే నాకు చాలా కాలం అక్షరాలు రాలేదు. నా చిన్నతనం అంతా కడియం దగ్గర నర్సరీల్లో గడిచింది. అమ్మ ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపేది, నేను ఆ సంచులు వరసగా పేర్చేదాన్ని. బడి రోడ్డుకి అవతలి వైపే ఉండేది. అక్కడ గంట కొడితే మాకు టీ వచ్చే వేళయిందని గుర్తు. అంతకు మించి ఆ బడితో నాకు పని పడలేదు.

యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. వచ్చిన తరవాత కూడా చాలా రోజులు చీటీలో పట్టేంతే రాయగలిగేదాన్ని. ఒక్క మాట, మహా అయితే రెండు. ఒక విషయం మొదటి నుంచి చివరి దాకా కాగితం మీద పెట్టడం ఈ మధ్యే చేతనైంది. అందుకే ముందు ఇది రాస్తున్నాను.

పెళ్ళయి పాలకొల్లు దగ్గర ఈ ఊరు వచ్చినప్పుడు నాకు లేసు అంటే ఏంటో తెలియదు. ఇక్కడ ఏ ఇంటి ముందు చూసినా ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని, కొన వంపు తిరిగిన సన్నటి సూదితో తెల్లదారం అల్లుతూ ఉండేవాళ్ళు. మా ఆయన అక్క, అంటే మా వదిన, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆవిడ నేర్పే పద్ధతిలో మాటలు తక్కువ. మనం అల్లింది తీసుకుని వేలితో తడుముతూ పోయేది. తప్పు ఉన్న చోట వేలు ఆగేది. అంతే. వేలు ఆగిందంటే అక్కడి దాకా విప్పేయాలి. కొస పట్టుకుని లాగితే లేసు ఒక్కో ముడీ వదులుకుంటూ దారమైపోతుంది. ఎందుకు, ఎలాగ అని అడగకూడదు. విప్పేవాళ్ళ చెయ్యి ఎవరూ పట్టుకోకూడదు, పట్టుకుంటే దారం చిక్కుపడిపోతుంది. మా పక్క పల్లెల్లో లేసు నేర్చుకున్న వాళ్ళంతా ఇలాగే నేర్చుకున్నారు. పెద్దవాళ్ళు వేలు పెట్టాక విప్పకుండా ఉంచుకోవడం అంటే వాళ్ళని లెక్కచెయ్యకపోవడమే.

లేసు కంపెనీ వాళ్ళు దారం ఇంటికి పంపి, అల్లింది తీసుకెళ్ళేవాళ్ళు. డిజైను ఎక్కడ నుంచి వస్తుందో మాకు తెలియదు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. కొన్నేళ్ళ క్రితం కంపెనీలో కొత్తగా ఒక డిజైనర్ అమ్మాయి చేరింది. రాజమండ్రి అమ్మాయి, బయట ఎక్కడో చదువుకుని వచ్చింది. ఊళ్ళు తిరిగి, సొంతంగా పువ్వులూ అంచులూ కల్పించి అల్లేవాళ్ళు ఎవరని అడిగింది. అందరూ మా వదిన పేరే చెప్పారట. మేడ మీద గది ఒకటి ఖాళీ చేయించి, కుర్చీలు వేయించి, దానికి డిజైన్ గది అని పేరు పెట్టింది. నెల జీతం. అల్లిన ప్రతి పీసుకీ అల్లినావిడ పేరు రాసిన చిన్న అట్ట కడతారు. మరదలిని కూడా తీసుకుంటేనే వస్తానని వదిన పట్టుబట్టింది. నేను ఆ గదిలోకి అలా వెళ్ళాను.

మొదటి రోజు అందరం కుర్చీల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాం. కాలు చాపకుండా లేసు అల్లడం ఎవరికి అలవాటు. అమ్మాయి చూసి నవ్వేసి, మర్నాడు చాపలు తెప్పించింది. కానీ వదిన చాప మీదకి దిగలేదు. కుర్చీలోనే కూర్చుంటానంది. ఆవిడ ఒక్కతే అలా నిటారుగా కుర్చీలో, మేమంతా కింద, చూసేవాళ్ళకి పాఠం చెబుతున్నట్టు ఉండేది.

శనివారం మధ్యాహ్నం బల్ల అని ఒకటి పెట్టింది అమ్మాయి. ఆ వారం అల్లినవన్నీ పెద్ద బల్ల మీద పరవాలి. అందరూ చుట్టూ తిరిగి చూడాలి. ఏది నచ్చిందో పసుపు చీటీ మీద, ఏది మారిస్తే ఇంకా బాగుంటుందో గులాబీ చీటీ మీద రాసి పీసు పక్కన అంటించాలి. మాట పీసు గురించే గానీ మనిషి గురించి ఉండకూడదు. ఎవరు రాశారో చెప్పకూడదు. తరవాత అమ్మాయి అన్నీ చదివి వినిపిస్తుంది. రాయడం రాని వాళ్ళు వచ్చినవాళ్ళ చెవిలో చెప్పి రాయించుకోవచ్చు.

మొదట్లో బల్ల నిండా పసుపు చీటీలే. అన్నిటి మీదా బాగుంది, బాగుంది, చాలా బాగుంది. అందరివీ ఇంత బాగుంటే ఇక నేనెందుకు ఆంటీ అని అమ్మాయి విసుక్కుంది. మాలో పదో తరగతి దాకా చదివినావిడ ఒకావిడ ఉంది, దేనికైనా నోట్లోంచి మాట ఊడిపడుతుంది ఆవిడకి.

"మీకేం మేడం, మీరు బస్సెక్కి రాజమండ్రి వెళ్ళిపోతారు. రేపు వీళ్ళ ఇంటి పెళ్ళికి నేను వెళ్ళొద్దా? అప్పడం కూడా వెయ్యరు నాకు."

అందరం నవ్వాం. కానీ మొదటి గులాబీ చీటీ రాసింది కూడా ఆవిడే. అది నా పీసు మీద. అంచు మరీ ఎక్కువైంది, మధ్యలో పువ్వు కనపడటం లేదని. అమ్మాయి చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఇంటికి వెళ్ళినా అన్నం సయించలేదు. ఆ తరవాత ఒక రోజు ఊరికే చూద్దామని అంచు ఒక వరస తగ్గించి అల్లాను. పువ్వు బయటికి వచ్చింది. నిజంగానే బాగుంది. ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళి చూపిస్తే, చెప్పానా అని తన టిఫిన్ డబ్బాలో నుంచి గారె ఒకటి చేతిలో పెట్టింది.

నాకు అప్పటి నుంచే రాయాలని పట్టుదల వచ్చింది. ఇంకొకరి చెవిలో చెప్పి రాయిస్తుంటే చెప్పాలనుకున్నది సగమే చీటీలోకి వచ్చేది. ఆ పదో తరగతి ఆవిడే భోజనాల వేళ గ్రాఫు కాగితం వెనక వైపు నాకు దిద్దబెట్టింది. లేసు డిజైను కాగితం మీద సున్నాలూ గీతలూ చదవడం ముందే వచ్చు కాబట్టి, ఇవీ అలాంటి గుర్తులే అనుకుని మొదలుపెట్టాను. నా అక్షరాలు మరీ పెద్దవి. చిన్నగా రాయమంటే గీతలు ఒకదాని మీద ఒకటి పడేవి. ఒక చీటీలో ఒక్క మాట పట్టేది, కష్టపడితే రెండు.

ఆ బల్ల అంటే నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. ఒకరికి ఒక మాట చెప్పి, ఆ మాట వాళ్ళకి తగిలి, అయినా అయిదు నిమిషాల్లో అదే గదిలో కలిసి టీ తాగడం నేను అంతకు ముందు ఎరగను. మా ఇంట్లో చెప్పని మాటలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. ఇంట్లోనూ ఒక బల్ల ఉంటే బాగుండునని మా ఆయనతో అంటే, రొయ్యల చెరువు కాపలా నుంచి వచ్చి పడుకోబోతున్న మనిషి, ముందు గులాబీ చీటీ కూర మీద నేనే అంటిస్తానన్నాడు.

వదిన పీసు మీద మాత్రం గులాబీ చీటీ ఎప్పుడూ పడలేదు. ఆ గదిలో సగం మంది ఆవిడ దగ్గరో, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గరో నేర్చుకున్నవాళ్ళే. ఆవిడ మీద ఎవరు వేలు పెడతారు.

కార్తీకమాసంలో అనుకుంటాను, వదిన చూపు మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. టీ పోస్తూ గ్లాసు పక్కన పోసేసింది. తరవాత గమనిస్తే, అల్లేటప్పుడు ఆవిడ చేతుల వైపు చూడటం లేదు. మొహం కొంచెం పక్కకి తిప్పి, వేళ్ళతో తడుముకుంటూ అల్లుతోంది. ఒక రోజు ఇంటికి వెళ్ళి నెమ్మదిగా అడిగాను. బల్బు డిమ్ముగా ఉందని చెప్పింది. మళ్ళీ ఇంకో రోజు, కంటి ఆసుపత్రికి నేను తోడు వస్తానంటే ఆవిడకి కోపం వచ్చి, నా కళ్ళ సంగతి నేను చూసుకుంటాను, నీ సూది సంగతి నువ్వు చూసుకో అంది. ఆడపడుచు అంత మాట అన్నాక మరదలు మళ్ళీ ఏం అడుగుతుంది.

వేసవి ముందు సూపర్వైజరు గారు గదిలోకి వచ్చి ఒక విషయం చెప్పారు. విదేశాల వాళ్ళకి కొత్త డిజైన్ల సెట్టు పంపాలి. సోమవారం ఫోటోలు తీస్తారు. గది ఖర్చు ఎక్కువైందని ఓనరు గారు అంటున్నారు, కాబట్టి సెట్టులో ఎవరి పీసు ఉంటుందో వాళ్ళే గదిలో ఉంటారు. మిగతా వాళ్ళు ఇదివరకటిలాగే దారం ఇంటికి తీసుకెళ్ళి మామూలు పువ్వులు అల్లి ఇవ్వాలి. ఆయన ఆ మాట చెబుతూ ఎవరి వైపూ చూడలేదు. వదిన చూసిందో లేదో తెలియదు గానీ, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ శనివారం వదిన బల్ల మీద గుండ్రటి టేబుల్ మ్యాట్ ఒకటి పరిచింది. కొబ్బరి మొవ్వ విచ్చుకున్నట్టు మధ్య నుంచి బయటికి పరుచుకునే డిజైను, ఎవరూ అంతకు ముందు చూడనిది. అందరూ చుట్టూ చేరారు. పసుపు చీటీలు అంటిస్తూ పోయారు. నేను వంగి చూశాను. మధ్య నుంచి మూడో వరుసలో కొన్ని రేకులు ఒకేలా లేవు. ఒకటి బిగుసుకుపోయింది, దాని పక్కది సాగిపోయింది. దూరం నుంచి తెలియదు. ఫోటోలో పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. సూపర్వైజరు గారు సెట్టుకి ఎంచేటప్పుడు భూతద్దం పెట్టి చూస్తారు.

నేను అనుకున్నది ఇది. రేపు ఆదివారం. ఆ రేకులు మాత్రం కత్తిరించి, అక్కడ కొత్తవి అల్లి అతుకు వెయ్యొచ్చు. అతుకుపని నాకు బాగా వచ్చు, చూసినా తెలియనివ్వను. కానీ వదినకి తప్పు ఉందని తెలియాలి కదా. ఇంట్లో చెబితే వినదు. బల్ల దగ్గరైతే అందరి మాటా వినాలన్నది నియమం. ఆ నియమం ఉంది కాబట్టే నాకు ధైర్యం వచ్చింది. గులాబీ చీటీ తీసుకుని రాశాను. మూడో వరుసలో రేకులు ఒకేలా లేవు. అంత వరకు రాసేసరికి చీటీ నిండిపోయింది. అతుకు వేస్తే సరిపోతుందని రాయడానికి చోటు లేదు. నోటితో చెబుదాంలే అనుకున్నాను.

అమ్మాయి పసుపువన్నీ చదివి, చివర గులాబీది చదివింది. 

"ఎన్నో వరసమ్మా?" అని అడిగింది వదిన.

"మూడోది ఆంటీ."

ఎవరు రాశారని అడిగింది. అది చెప్పకూడదు కదా అని అమ్మాయి నవ్వబోయింది. నేనే రాశాను వదినా అన్నాను. అతుకు వేస్తే సరిపోతుందని చెప్పేలోపే ఆవిడ మ్యాట్ ఒళ్ళోకి తీసుకుంది. మధ్య నుంచి వేలితో తడుముతూ వచ్చింది. మూడో వరుసలో వేలు ఆగింది. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. జాకెట్టుకి గుచ్చుకున్న చిన్న కత్తెర తీసి, బయటి అంచులో కొసముడి వెతుక్కుని కత్తిరించి, లాగడం మొదలుపెట్టింది.

మధ్య నుంచి బయటికి అల్లిన మ్యాట్ అది. మూడో వరుస దాకా విప్పడం అంటే అంతా విప్పడమే. అమ్మాయి లేచి నిలబడింది. ఆంటీ వద్దు, ఇది సలహా మాత్రమే, విప్పమని కాదు అంటోంది. మమ్మల్ని చూసి, చెప్పండి ఎవరైనా అంది. మేము ఎవరం కదల్లేదు. విప్పుతున్న మనిషి చెయ్యి ఎలా పట్టుకుంటాం. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. అవి లేవలేదు.

"తప్పు చూపించాక ఉంచుకోకూడదమ్మా," అంది వదిన, చెయ్యి ఆపకుండా.

అంచు పోయింది. కొబ్బరి ఆకులు ఒక్కొక్కటీ పోయాయి. దారం ఆవిడ కాళ్ళ మీద మెలికలు మెలికలుగా కుప్పపడింది. మూడో వరుస దగ్గర సరిగ్గా ఆగింది. రూపాయి బిళ్ళంత మిగిలింది చేతిలో. అది బల్ల మీద పెట్టి నా వైపు, నేను కూర్చున్న చోటుకి కొంచెం పక్కగా చూసింది.

"ఇక్కడి దాకా బాగుందా అండీ?"

బాగుందన్నాను. ముప్పై ఏళ్ళలో ఆవిడ నన్ను అండీ అనడం అదే మొదలు. సాయంత్రం బస్సులో సీటు దొరికితే, మీరు కూర్చోండి, నేను నిలబడతాను అంది.

ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వదిన కూతురు కాఫీ ఇచ్చింది. వదిన నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలు బాగున్నారా, మా తమ్ముడు బాగున్నాడా అని పరాయి వాళ్ళని అడిగినట్టు అడిగింది. ఆ మిగిలిన ముక్క ఇవ్వండి, డిజైను నాకు చూపించారు కదా, రాత్రికి రాత్రి నేను అల్లేస్తానన్నాను. మీ చేత్తో అల్లిన దానికి నా పేరు కట్టించుకోను అని, కాఫీ చల్లారిపోతోంది తాగండి అంది. తాగి వచ్చేశాను.

సోమవారం ఆవిడ పనికి రాలేదు. ఫోటోలు తీశారు. నా పీసు సెట్టులోకి వెళ్ళింది. అమ్మాయి రెండుసార్లు కిందకి వెళ్ళి సూపర్వైజరు గారితో మాట్లాడి వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. నా చేతిలో లేదు ఆంటీ, ఆ చీటీల పద్ధతి నేను పెట్టకపోతే బాగుండేది అంది.  ఆ పద్ధతి వల్లే నేను బతికి ఉన్న మనిషిలా మాట్లాడటం నేర్చుకున్నాను. నేను కూడా కిందకి వెళ్ళాను. నా బదులు ఆవిడని ఉంచండి అని అడిగాను. సూపర్వైజరు గారు చెడ్డవారు కాదు. కూర్చోమని, నీళ్ళు ఇప్పించారు.

"పెద్దావిడంటే నాకూ గౌరవమే అండి. ఆవిడ పీసు ఏదండి? నేను పైవాళ్ళకి ఏం చూపించమంటారు?"

 ఆయన దారం కట్ట ఒకటి నా చేతికిచ్చి, ఆవిడకి ఇవ్వమన్నారు. మామూలు ఆరు రేకుల పువ్వులు, ఎన్నయినా తీసుకుంటాం అన్నారు. అది ఇళ్ళ దగ్గర అల్లేవాళ్ళకి ఇచ్చే దారం.

ఆ సాయంత్రం అది పట్టుకుని వెళ్ళి ఆవిడ పక్కన పెట్టాను. చేత్తో తడిమి చూసి, ఏ దారమో ఆవిడకి తెలిసిపోయింది. కట్ట ఒళ్ళోకి తీసుకుని అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

నన్ను మళ్ళీ ఏకవచనంలో పిలిచినందుకు నాకు ఏడుపొచ్చింది. కార్తీకంలో తెలిసిందన్నాను. తనకి అంతకు ముందు ఏడాదే తెలుసంది. కూతురు ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. షుగరు వల్ల కంటి వెనక దెబ్బతిందని, ఉన్నదాన్ని నిలబెట్టడమే గానీ పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. ఎదురుగా పెట్టుకున్నది కనపడదు, పక్కన ఉన్నది కనపడుతుంది. నీ మొహం కంటే నీ వెనక గోడ మీద క్యాలెండరు బాగా తెలుస్తోంది నాకు అని నవ్వింది.

మరి గదికి ఎందుకు వచ్చారు వదినా అన్నాను.

"పీసుకి నా పేరు కట్టారు కదే. అది చదవడం నాకు రాదు, ఇప్పుడు కనపడదు కూడా. అయినా కట్టారు. ఇంకొన్నాళ్ళు కట్టించుకుందామనుకున్నాను."

బల్ల దగ్గరైతే ముందు నచ్చింది చెప్పాలి, తరవాత మార్చాల్సింది చెప్పాలి. వాళ్ళ ఇంట్లో నేను రెండిట్లో ఏదీ చెప్పలేకపోయాను. అతుకు వెయ్యొచ్చని రాయడానికి చీటీలో చోటు లేకపోయిందని చెబుదామనుకుని ఊరుకున్నాను. చెప్పినా ఆవిడ విప్పేదే. విప్పకుండా అతుకు వేయించుకునే మనిషి అయితే ఆవిడ మా వదిన అయ్యేది కాదు. ఆవిడ కూతురు లైటు వేసి వెళ్ళింది. వదిన దారం కొస తీసి వేలికి చుట్టుకుని, పువ్వుకి మొదటి ముడుల గొలుసు అల్లడం మొదలుపెట్టింది. నేను కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న పనికి వెళ్తూ వాళ్ళ గుమ్మం ముందు ఆగాను. వదిన రాత్రంతా కూర్చుని అల్లిన పువ్వులు క్యారీ బ్యాగులో వేసి ఇచ్చి, ఇచ్చేసి రా, ఏమంటారో చెప్పు అంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటీ చూశాను. చాలా వరకు బాగున్నాయి. కొన్నిటికి అయిదే రేకులు. ఒకటి రెండిటికి ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కింది. కంపెనీ గేటు దగ్గర ఇలాంటివి ఏరి, ఎర్ర దారం కట్టి వెనక్కి పంపిస్తారు.

వాటిని తీసి నా సంచిలో అడుక్కి పెట్టాను. విప్పడానికి చెయ్యి రాలేదు. సంచిలో నా సూదీ దారమూ ఎప్పుడూ ఉంటాయి. ఎన్ని తీశానో అన్ని పువ్వులు అల్లడం మొదలుపెట్టాను. నాకు నేర్పింది ఆవిడే కాబట్టి, పక్కపక్కన పెడితే ఎవరివి ఏవో నేనే చెప్పలేను. కాలవ గట్టు మీద గుంతలొచ్చినప్పుడల్లా చెయ్యి ఆపి, దాటాక మళ్ళీ అల్లాను. స్టాపు వచ్చేసరికి చివరి పువ్వుకి ఇంకా రెండు రేకులు మిగిలాయి. దిగి, బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని అవి కూడా పూర్తి చేసి, కొసముడి వేసి, వదిన సంచిలో వేసి పనికి వెళ్ళాను.